పొట్టేలు, ఉప్పు, చిల్లకట్టె నిప్పులు: గౌచోల అసాదో మన ఊళ్ళో చేసుకునే పద్ధతి

ముందే చెప్పేస్తున్నా. ఇందులో అల్లం వెల్లుల్లి ముద్ద లేదు, పసుపు లేదు, కారం లేదు, గరం మసాలా అసలే లేదు. పొట్టేలు, ఉప్పు, నిప్పు, అంతే. "అట్టయితే తినేదెట్టా?" అనేవాళ్ళు ఇక్కడే ఆగి చేపల పులుసు పెట్టుకోవచ్చు, నాకేం కోపం లేదు. మిగతావాళ్ళకి అర్జెంటీనా, ఉరుగ్వే, దక్షిణ బ్రెజిల్ పశువుల కాపర్లు, అంటే గౌచోలు, మాంసం కాల్చుకునే పద్ధతిని మన ఊళ్ళో మన సరుకుతో ఎట్టా చేసుకోవాలో చెప్తాను. వాళ్ళు దాన్ని అసాదో అంటారు.

నేను సరుకు ఓడల్లో వంటవాణ్ణి. చీఫ్ కుక్‌గా రిటైరై కావలి పక్కన మా ఊరికి వచ్చేశాను. అర్జెంటీనాలో పరానా నది ఒడ్డున, రొసారియో చుట్టుపక్కల రేవుల్లో సోయా సరుకు లోడింగ్ కోసం ఓడలు రోజుల తరబడి ఆగిపోతాయి. మన కృష్ణపట్నం రేవు పక్కన నూనె ఫ్యాక్టరీలున్నాయి చూడండి, మన దేశానికి వచ్చే సోయా నూనెలో పెద్ద వాటా ఆ నది ఒడ్డు నుంచే. అట్టా ఆగినప్పుడు ఆదివారం పూట రేవు పనివాళ్ళు నిప్పు పెట్టుకుంటే పక్కన నిలబడి చూసేవాణ్ణి. తర్వాత మా ఓడలోనే ఉరుగ్వే బోసన్, అంటే డెక్ పనివాళ్ళ మేస్త్రీ, ఒకాయన పనిచేశాడు. చిన్నప్పుడు గొర్రెల ఎస్టేటులో పెరిగిన మనిషి. నా చేత దగ్గరుండి చేయించింది ఆయనే. ఏ పని చెప్పినా దాని వెనక కారణం చెప్పేవాడు, ఆ కారణం తిరిగి తిరిగి గుర్రం మీద బతికే మనిషి దగ్గరికే వచ్చి ఆగేది. అందుకని పద్ధతితో పాటు కారణాలు కూడా రాస్తున్నా. కారణం తెలియకపోతే మనవాళ్ళు రెండోసారికే ధనియాల పొడి చల్లేస్తారు.

ఉప్పొక్కటే ఎందుకు

16వ శతాబ్దంలో స్పెయిన్ వాళ్ళు ఓడల్లో తెచ్చిన ఆవులూ గుర్రాలూ కొన్ని తప్పించుకుని పంపా అనే గడ్డి మైదానాల్లో పడ్డాయి. కంచెల్లేవు, కనుచూపు మేర గడ్డి. మందలు లెక్కకు మించి పెరిగాయి. 18వ శతాబ్దానికి ఆ అడవి గొడ్లని గుర్రం మీద తరిమి పట్టి బతికేవాళ్ళు తయారయ్యారు. స్పెయిన్ వాళ్ళకీ అక్కడి తెగలవాళ్ళకీ పుట్టిన బిడ్డలు వాళ్ళలో ఎక్కువ. డబ్బు వచ్చేది తోలు మీద, కొవ్వు మీద. మాంసాన్ని ఐరోపాకి పంపే దారి లేదు, శీతల ఓడలు 1870ల చివర్లో గానీ రాలేదు. ఉప్పు పట్టించి ఎండబెట్టిన మాంసం కొంత బ్రెజిల్, క్యూబా తోటల్లో బానిసల తిండికి పోయేది. మిగిలింది గద్దల పాలు, కుక్కల పాలు.

కాబట్టి గౌచోకి మాంసం ఊరికే వచ్చేది. కావాల్సిన ముక్క కోసుకుని, ఇనప చువ్వకి గుచ్చి, ఆ చువ్వని నిప్పు పక్కన నేలలో పాతేవాడు. గిన్నె లేదు, నూనె లేదు. జీనుకి వేలాడే సంచిలో ఉప్పు, పొగాకు, టీ లాగా వేడినీళ్ళు పోసుకుని తాగే మాతే ఆకు ఉండేవి. 1833లో చార్లెస్ డార్విన్ వాళ్ళతో కలిసి పంపాలో గుర్రం మీద తిరిగాడు. రోజుల తరబడి మాంసం తప్ప ఇంకేమీ తినలేదని, ఆ తిండి తనకేమీ ఇబ్బంది అనిపించలేదని రాసుకున్నాడు. చెట్లు లేని చోట్ల కట్టెలు కూడా ఉండవు కదా, అక్కడ చంపిన గొడ్డు ఎముకలే పొయ్యిలో పెట్టేవాళ్ళు.

వాళ్ళ అసలు మాంసం గొడ్డు మాంసమే, దాచాల్సిన పనేం లేదు. అయితే దక్షిణం కొసన పటగోనియాలో చలిగాలికి గొర్రెల పెంపకమే ఎక్కువ. అక్కడ గొర్రెపిల్లని నిండుగా ఇనప సిలువకి కట్టి కాలుస్తారు. గొర్రెల జాతికి జిల్లా పేరే పెట్టుకున్న మనకి ఇంతకన్నా ఏం కావాలి?

జిల్లా పేరంటే గుర్తొచ్చింది. బ్రెజిల్ రేవుల్లో మీది ఏ ఊరని అడిగితే నెల్లూరు అని చెప్పి చూడండి. "నెలోరె!" అని చేతులతో మూపురం చూపిస్తారు. మన ఒంగోలు గిత్తలకి అక్కడ ఆ పేరు. ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది మరి. 1960 ప్రాంతాల్లో మంచి గిత్తల్ని ఏరి తీసుకెళ్ళారు. అందులో పేరు మోసిన గిత్త పేరు కరవాది, మన ఒంగోలు పక్క ఊరి పేరే. ఆ సంతతి ఆవు వయాటినా-19 ధర 40 కోట్లని 2025లో మన పేపర్లన్నీ రాశాయి. బ్రెజిల్‌లో మాతో గ్రోసో వైపు ఆ తెల్లటి మందల్ని తోలే కాపర్లు బెర్రాంతే అనే కొమ్ముబూర ఊదుతూ ముందు నడుస్తారు, మంద ఆ శబ్దం వెంట వస్తుంది. ఆ గిత్త మూపురాన్ని కుపిం అని ప్రత్యేకంగా కాల్చుకుని తింటారు కూడా. ఆ ముక్క మాత్రం మా నాన్నకి చెప్పలేదు.

పొట్టేలు

పళ్ళు మార్చని పొట్టేలు తీసుకోండి. నోరు తెరిచి కింది పళ్ళు చూస్తే తెలిసిపోతుంది, అన్నీ పాలపళ్ళే ఉండాలి. ఏడాది దాటిన పొట్టేలు కూరకి బాగుంటుంది గానీ దీనికి పీచు ఎక్కువవుతుంది, వాసన కూడా వస్తుంది. తోలు, తల, కాళ్ళ గిట్టలు, పేగులు పోను 10 నుంచి 12 కేజీలు తూగితే 20 మందికి సరిపోతుంది.

మన నెల్లూరు గొర్రెల్లో పల్ల అని తెల్లవి, జోడిపి అని మూతి దగ్గర, కళ్ళ చుట్టూ నల్ల మచ్చలున్నవి, దొర అని ఎర్రగోధుమ రంగువి, మూడు రకాలు. ఏదైనా పర్లేదు. పటగోనియా గొర్రెకీ దీనికీ తేడా ఒకటుంది. అది పొట్టిగా, కొవ్వు పట్టి ఉంటుంది. మనది పొడుగు కాళ్ళ జాతి, దూరం నడిచి మేసేది, కొవ్వు తక్కువ. అంటే తొందరగా ఎండిపోతుంది. అందుకే సెగ వాళ్ళకన్నా తక్కువ పెట్టాలి, ఉప్పునీళ్ళు ఎక్కువసార్లు చల్లాలి. మిగతా అంతా వాళ్ళ పద్ధతే.

మటన్ కొట్టులో గట్టిగా చెప్పాల్సిన మాటలు మూడు. ముక్కలు కొట్టొద్దు. రొమ్ము ఎముక మీదుగా చీల్చి రెండు పక్కలా విప్పండి, వెన్నెముక మాత్రం తెగకూడదు. మూత్రపిండాల చుట్టూ ఉండే కొవ్వు తీసేయొద్దు. మా కొట్టు భాయ్ మొదటిసారి "ఇట్టా తీసుకెళ్ళి ఏం చేస్తావన్నా, ఊరేగిస్తావా?" అన్నాడు. ఇప్పుడు చెప్పకుండానే లోపలి వైపు నుంచి పక్కటెముకల్ని వెన్ను దగ్గర కొంచెం విరిచి చదునుగా పరిచి ఇస్తాడు. కార్జం, మూత్రపిండాలు విడిగా అడిగి తెచ్చుకోండి, వాటితో పనుంది.

ఇంటికి తెచ్చాక కడగొద్దు. తడి ఉంటే పైన పొర ఎర్రగా కాలదు. శుభ్రమైన గుడ్డతో తుడిచి, పల్చటి గుడ్డ కప్పి నీడన వేలాడదీయండి, ఈగ వాలకూడదు. కోయడానికీ నిప్పు మీద పెట్టడానికీ మధ్య ఎక్కువ సేపు వద్దు. అందుకే ఈ పని డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకానే పెట్టుకోవాలి. రోహిణి కార్తెలో నిప్పు పక్కన నాలుగు గంటలు నిలబడతానంటే మీ ఇష్టం.

ఇనప సిలువ

వెల్డింగ్ షాపులో చేయించాలి. ఆరున్నర అడుగుల ఎల్ యాంగ్లర్ ఒకటి, కింది కొస మొనదేలి ఉండాలి. దానికి అడ్డంగా రెండు 12 ఎం.ఎం. కడ్డీలు. పైది రెండున్నర అడుగులు, నేల నుంచి అడుగున్నర ఎత్తులో వచ్చే కిందిది మూడడుగులు. జి.ఐ. పైపు మాత్రం వాడొద్దు, దాని మీద జింకు పూత వేడికి విషపు పొగ వదుల్తుంది. రంగు వేయనివ్వొద్దు. షాపు కుర్రాడు అలవాటు కొద్దీ రెడాక్సైడ్ కొట్టేస్తాడు, దగ్గరుండండి. ఇంటికి తెచ్చాక ఒకసారి మంటలో బాగా కాల్చి, తుడిచి, నూనె రాసి పెట్టుకుంటే ఏళ్ళ తరబడి ఉంటుంది. కట్టడానికి మామూలు నల్ల బైండింగ్ వైరు, కటింగ్ ప్లయర్.

పొట్టేలు లోపలి వైపు, అంటే ఎముకల వైపు, బయటికి కనపడేలా సిలువ మీద పరవండి. తొడలు కింది కడ్డీకి, ముందు జబ్బలు పై కడ్డీకి. తలకిందులుగా కట్టేవాళ్ళు కూడా ఉన్నారు. నేను తొడలే కింద పెడతాను, దళసరి కండ సెగకి దగ్గరగా ఉంటుందని. కీలు పైభాగంలో వైరు గుచ్చి రెండు చుట్లు తిప్పండి. వెన్నెముకని నిట్టాడికి మూడు చోట్ల కట్టండి. కాలేకొద్దీ మాంసం ముడుచుకుని వైరు వదులవుతుంది, అప్పుడు బిగించడానికి వీలుగా కొసలు పొడుగ్గా వదిలేయండి.

కట్టెలు, నిప్పు

ఇక్కడ మనం గౌచో కన్నా అదృష్టవంతులం. మన జిల్లాల్లో బీళ్ళన్నీ ఆక్రమించిన చిల్లచెట్టు, అదే సర్కారు తుమ్మ, అసలు మధ్య అమెరికా, దక్షిణ అమెరికా ఉత్తర భాగాల నుంచి వచ్చిన చెట్టు. అర్జెంటీనాలో అసాదోకి ఇష్టపడి వాడే అల్గారోబో దీని దగ్గరి చుట్టం. పొలంలో పెరిగితే తిట్టుకుంటాం గానీ నిప్పుకి దీన్ని మించింది లేదు. బొగ్గు చాలాసేపు నిలుస్తుంది, పొగ మాంసానికి మంచి వాసన పట్టిస్తుంది. కనీసం ఆరు నెలలు ఆరిన, ముంజేయి లావు కట్టెలు 60 కేజీల దాకా దగ్గర పెట్టుకోండి. చాలకపోతాయేమోనన్న టెన్షన్ ఉండదు. రాజేయడానికి ఎండు తాటాకు, సరుగుడు పుల్లలు. వేపకట్టె వద్దు, మాంసం చేదెక్కుతుంది. కిరోసిన్, పెట్రోలు మాట ఎత్తొద్దు. పాత తలుపు చెక్కలు, రంగేసినవి అసలే వద్దు.

చోటు చూసుకునేటప్పుడు గడ్డివామి ఎంత దూరంలో ఉందో ముందు చూడండి, ఆ తర్వాత గాలి. మా వైపు మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి తూర్పు నుంచి తిరుగుతుంది. కాబట్టి సిలువ తూర్పున, నిప్పు దానికి పడమరన. పొగ మాంసం మీదకి రాకుండా అవతలికి పోతుంది. రెండు బిందెల నీళ్ళు పక్కన.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇది. మంట ఒక చోట, వంట ఒక చోట. సిలువకి రెండు మీటర్ల అవతల పెద్ద మంట వేసి, అందులో నుంచి కణకణలాడే నిప్పుల్ని పారతో తెచ్చి సిలువ ముందు అర్ధచంద్రాకారంలో పరవాలి. మంట నాలుక మాంసాన్ని తాకకూడదు. తాకితే పైన మాడుతుంది, లోపల నెత్తురు. మన కుర్రాళ్ళకి మంట కనపడకపోతే వంట జరగట్లేదని అనుమానం. ఎవరో ఒకరు వచ్చి "అన్నా, మంట ఆరిపోయింది" అంటూ ఓ కట్టె సిలువ కింద తోసేస్తారు. పార ఒక్కరి చేతిలోనే ఉండాలి. అర్జెంటీనాలో కూడా అంతే, నిప్పు దగ్గర ఒకడే పెద్ద, వాణ్ణి అసదోర్ అంటారు. రెండో మనిషి చెయ్యి పెడితే మర్యాద తప్పినట్టు లెక్క.

కాల్చడం

గడ్డపారతో అడుగున్నర గుంట తవ్వి సిలువ పాతండి. నిప్పు వైపు కొంచెం వాలి ఉండాలి, పడిపోయేంత కాదు. మొదట ఎముకల వైపే నిప్పుకి చూపించాలి. ఎముక వేడెక్కి లోపలి నుంచి మాంసాన్ని మెల్లగా ఉడికిస్తుంది. మొత్తం నాలుగు గంటలు పడుతుందనుకుంటే మూడు గంటలు ఎముకల వైపు, చివరి గంట మాంసం వైపు.

సెగ ఎంతో చెయ్యే చెప్తుంది. మాంసం పక్కన అరచెయ్యి పెట్టి మెల్లగా లెక్కపెట్టండి. పది దాకా ఉంచగలిగితే సరిగ్గా ఉంది. ఐదుకే లాగేసుకుంటే నిప్పులు వెనక్కి జరపండి. పదిహేను దాటినా ఏమీ అనిపించకపోతే ఇంకో పార తెచ్చి వేయండి. తొడల కింద నిప్పులు ఎక్కువ, డొక్కల ఎదురుగా తక్కువ. డొక్క పల్చన కాబట్టి ముందే ఎండిపోతుంది.

ఉప్పునీళ్ళు: లీటరు నీళ్ళు మరగబెట్టి అందులో ఓ గుప్పెడు కల్లుప్పు, నాకైతే మా దగ్గరి ఇస్కపల్లి ఉప్పే, ఆరేడు వెల్లుల్లి రెబ్బలు చితక్కొట్టి వేసి చల్లార్చండి. నీళ్ళ బాటిల్‌లో పోసి మూతకి సూదితో నాలుగు బెజ్జాలు పెడితే చల్లడానికి అదే పనిముట్టు. రేవు పనివాళ్ళు చేసేది కూడా అదే. మొదటి అరగంట వదిలేసి, తర్వాత ప్రతి ఇరవై నిమిషాలకి ఒకసారి పైనుంచి కిందికి చల్లాలి. వెల్లుల్లి ఆ నీళ్ళ వరకే. మా బావ ప్రతిసారీ ఓ గిన్నెలో ముద్ద కలిపి పట్టుకొస్తాడు. "ఏంది బావా, పైపైన కొంచెం పూస్తే ఏమవుద్ది?" అంటాడు. ముద్ద నాలుగు గంటలు సెగ దగ్గర ఉంటే మాడి చేదవుతుంది, అంతకు మించి ఏమీ అవ్వదు. ఆ గిన్నె కార్జానికి వాడుకోమని ఇచ్చేస్తాను, గొడవ ఉండదు.

మూడు గంటలయ్యాక ఎముకల వైపు ముదురు గోధుమ రంగు తిరిగి, పక్కటెముకల చివర్లు మాంసం లోంచి ఓ అంగుళం బయటికి కనపడతాయి. అప్పుడు సిలువ పీకి వెనక్కి తిప్పి పాతండి, ఇద్దరు మనుషులు కావాలి, చేతులకి గోనెపట్టా. చివరి గంటలో కొవ్వు కరిగి నిప్పుల మీద పడి చిటచిటమంటుంది. దాని వల్ల మంట లేస్తే ఆ నిప్పులు పారతో పక్కకి లాగండి, నీళ్ళు చల్లితే బూడిద లేచి మాంసానికి అంటుకుంటుంది. తొడ ఎముక చివర పట్టుకుని తిప్పితే కీలు దగ్గర వదులుగా కదలాలి. దళసరి చోట కత్తి దింపితే వచ్చే నీరు తేటగా ఉండాలి, ఎర్రగా ఉంటే ఇంకో ఇరవై నిమిషాలు ఆగండి.

ఆ మూడు గంటలు ఏం చేయాలి

అసాదో అంటే అసలు ఈ ఎదురుచూపే. గౌచో పగలంతా గుర్రం మీద ఉండి, పొద్దు వాలాక జీను దించి, దాని పొరలు నేల మీద పరుచుకుని పక్కేసేవాడు. జీనే మంచం. పైన పోంచో, మన కాపరి గొంగడి లాగానే చలికీ వానకీ నిద్రకీ అదొక్కటే. నిప్పు ఆరేదాకా మాటలు.

మొదట తిరిగేది మాతే. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అది తాగే బుర్ర మన సొరకాయదే, అదే జాతి తీగ. ఎండిన సొరబుర్ర ఉంటే మెడ కింద కోసి, లోపల గీకి, తడిపిన మాతే ఆకు ఒక రోజంతా నింపి ఉంచి మళ్ళీ గీకేస్తే బుర్ర వాడకానికి సిద్ధం. తర్వాత బుర్రలో మూడింట రెండు వంతులు ఆకు పోసి, ఒక పక్కకి వంచి, లోతున్న పక్క గోరువెచ్చని నీళ్ళు కొంచెం పోయాలి. ఆకు పీల్చుకున్నాక బొంబిల్యా, అంటే వడపోత ఉన్న లోహపు గొట్టం, ఆ పక్కనే దించాలి. ఇక దాన్ని కదపొద్దు. నీళ్ళు మరగకూడదు. కెటిల్ అడుగున బుడగలు మొదలవగానే దించేయాలి, 80 డిగ్రీలు దాటితే ఆకు చేదు విషం.

పోసేవాడు ఒక్కడే, మొదటి బుర్ర వాడే తాగుతాడు. మొదటిది చేదుగా ఉంటుంది, అతిథికి ఇవ్వకూడదని. తర్వాత నింపి కుడి పక్క మనిషికి, వాడు అడుగు దాకా పీల్చి తిరిగి పోసేవాడికి, మళ్ళీ నింపి పక్కవాడికి. "థాంక్స్" అన్నారంటే ఇక చాలన్నట్టు, మీ వంతు మళ్ళీ రాదు. నేను రొసారియోలో మర్యాదకని బుర్ర చేతికి ఇచ్చినప్పుడల్లా ఆ మాట అనబోతుంటే బోసన్ మోచేత్తో పొడిచేవాడు.

అందరికీ ఒకే గొట్టం. మన దగ్గర ఇది సాగదు. మా ఇంటావిడ చూసి "ఊరంతా ఒకే గొట్టం చప్పరిస్తారా, ఎంగిలి గదా!" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. వచ్చినవాళ్ళలో సగం మంది ముట్టరు. బలవంతం చేయకుండా వాళ్ళకి టీ పెట్టించండి.

మాతే తిరుగుతుంటే చిన్న జాలీ మీద కార్జం, మూత్రపిండాలు కాల్చి ముందు పెట్టేయాలి. ఆకలి మీదున్న మనిషిని సిలువ దగ్గరికి రాకుండా ఆపడానికి అదొక్కటే మార్గం.

ఇక మాటలు. వాళ్ళ దగ్గర గిటార్ పట్టుకుని ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని అప్పటికప్పుడు పాట కట్టి ఒకరినొకరు ఓడించే ఆట ఉంది, పయాదా అంటారు. మా ఊళ్ళో పద్యాలు పాడే పెద్దాయన ఒకాయన ఉన్నారు, నిప్పు దగ్గర కుర్చీ వేసి ఆయన్ని కూర్చోబెడితే చాలు. పిల్లలకి నేను బొలెయాదోరాస్ సంగతి చెప్తాను. మూడు రాళ్ళకి తోలు చుట్టి, మూడు తోలు తాళ్ళకి కట్టి, తల మీద గిరగిర తిప్పి పారిపోయే జంతువు కాళ్ళకి విసిరితే తాళ్ళు చుట్టుకుని అది కూలబడుతుంది. అక్కడి తెగల నుంచి గౌచోలు నేర్చుకున్న ఆయుధం అది. చెప్తే చాలు, చేసి చూపించకండి, కోళ్ళు ఉంటాయి.

పశువుల కాపర్లంటే దక్షిణ అమెరికా అంతా ఒకటే రకం కాదు. ఈశాన్య బ్రెజిల్‌లో ముళ్ళ అడవిలో ఆవుల్ని వెతికే వాకెయిరో తల నుంచి కాలి దాకా తోలు తొడుక్కుంటాడు, గుర్రం ఛాతీకి కూడా తోలే. మన చిల్లకంపల్లో మేకలు తోలే మనిషికి ఆ తోలు చొక్కా విలువ చెప్పక్కర్లేదు. చిలీలో వాళ్ళని వాసో అంటారు, వాళ్ళ గుర్రపు ఆట రొదెయోని 1962లో జాతీయ క్రీడ చేశారు. నాకు బాగా నచ్చింది మాత్రం కొలంబియా, వెనిజులా మైదానాల యానెరో. వాళ్ళు మంద తోలేటప్పుడు ఒక పాట, రాత్రి కాపలాకి ఒకటి, పాలు పితికేటప్పుడు ఒకటి పాడతారు. ఆవునీ దూడనీ పేరు పెట్టి పిలుస్తూ పాడితే గానీ పాలు చేపదట. ఆ పాటలు పాడేవాళ్ళు తగ్గిపోతున్నారని 2017లో యునెస్కో వాటిని అత్యవసరంగా కాపాడాల్సిన జాబితాలో చేర్చింది. మా అమ్మ కూడా గేదె దగ్గర ఏదో కూనిరాగం తీసేది. ఇప్పుడు పాల కేంద్రం టైముకి అందాలి కాబట్టి మిషన్ పెట్టేస్తున్నారు.

గౌచో పాత బతుకు కూడా అట్టాగే పోయింది. 19వ శతాబ్దం రెండో సగంలో ముళ్ళకంచెలు వచ్చి మైదానం ఎస్టేట్లుగా తెగిపోయింది, వాడు జీతగాడయ్యాడు. ఇప్పుడు నవంబరు 10న సంప్రదాయ దినమని అర్జెంటీనాలో జరుపుతారు, శాన్ ఆంతోనియో దె అరేకో అనే ఊళ్ళో గుర్రాలు, వెండి పట్టాల బెల్టులు, ఎర్ర పోంచోలు ఊరేగుతాయి. పండగ రోజు వేసుకునే ఆ బట్టల కన్నా ఆదివారం నిప్పు చుట్టూ నిలబడే అలవాటే గట్టిగా మిగిలిందని నాకనిపిస్తుంది.

వడ్డన

సిలువని దించి వెడల్పాటి చెక్క బల్ల మీద పెట్టి వైరు విప్పండి. వైరు ముక్కలు లెక్క చూసుకోండి, ఒక్కటి కూడా మాంసంలో మిగలకూడదు. పది నిమిషాలు వదిలేసి అప్పుడు కోయాలి. డొక్కలు ముందు, తర్వాత జబ్బ, చివరికి తొడ.

పాత గౌచోకి ప్లేటు లేదు, ఫోర్కు లేదు. నడుం వెనక బెల్టులో దోపుకున్న ఫకోన్ అనే పొడుగాటి కత్తే తోలు ఒలవడానికి, కొట్లాటకి, తిండికి. ముక్కని పళ్ళతో పట్టుకుని మూతి ముందు కత్తితో పైకి కోసేవాడు. బోసన్ చేసి చూపిస్తే ముక్కు పోతుందని నేను కళ్ళు మూసుకున్నా. మీరు ముక్కలు కోసి అరిటాకులో పెట్టండి.

పక్కన చిమిచుర్రి. పార్స్‌లీ మన దగ్గర దొరకదు. కొత్తిమీర సన్నగా తరిగి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు దంచి, పిజ్జాతో వచ్చే ఒరెగానో, చిల్లీ ఫ్లేక్స్ ప్యాకెట్లు రెండేసి వేసి, రెండు చెంచాల వేడినీళ్ళు, పావుకప్పు వెనిగర్, అరకప్పు నూనె, ఉప్పు కలిపి ముందు రోజు రాత్రే చేసి పెట్టుకోండి. మసాలా లేదని బాధపడేవాళ్ళకి ఇది మందు. పొదలకూరు నిమ్మకాయలు కూడా కోసి పెట్టండి, అది నా సొంత చేర్పు. బోసన్ చూస్తే ఒప్పుకోడు.

అందరూ మొదటి ముక్క తిన్నాక "అసదోర్‌కి చప్పట్లు" అని ఎవరో ఒకరు అనాలి. అది వాళ్ళ ఆచారం. మనవాళ్ళకి వంటవాణ్ణి పొగిడే అలవాటు తక్కువ, కాబట్టి పిల్లల్లో ఎవరికో ఒకరికి ముందే చెప్పి పెట్టుకోండి.

మిగిలితే

దక్షిణ బ్రెజిల్‌లో ఎడ్లబండ్ల మీద సరుకు తోలే మనుషులు దారిలో ఇనప కుండలో ఉప్పు మాంసం, బియ్యం కలిపి వండుకునేవాళ్ళు. బండివాళ్ళ అన్నం, అరోజ్ కారెతెయిరో. ఇప్పుడు వాళ్ళ ఇళ్ళలో ముందు రోజు కాల్చిన మాంసం మిగిలినా ఇదే చేస్తారు. మాంసం రాత్రికే ఎముక నుంచి తీసి ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున సన్నగా తరిగి, ఇనప మూకుట్లో దాని కొవ్వుతోనే ఎర్రగా వేయించాలి. పెద్ద ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, రెండు టమాటాలు వేసి మగ్గాక రెండు గ్లాసుల బియ్యం పోసి ఓ నిమిషం తిప్పండి. మొలగొలుకులు దొరికితే సరే, లేకపోతే రోజూ వండే సన్న బియ్యమే. బాస్మతి వద్దు. నాలుగున్నర గ్లాసుల వేడినీళ్ళు పోసి, ఉప్పు రుచి చూసి వేయండి, మాంసంలో ఉప్పు ముందే ఉంది. ఎముకలుంటే అవీ అందులోనే పడేసి మూత పెట్టండి, వడ్డించే ముందు తీసేయొచ్చు. అన్నం ఇంకా తడిగా ఉన్నప్పుడే దించి ఉల్లికాడలు చల్లాలి. పొడిపొడిగా అయ్యేదాకా పొయ్యి మీద ఉంచితే మాంసం గట్టిపడుతుంది.